అత్తయ్య చదవనివ్వని కథ

కిందటి వారం మా బావమరిది గుమ్మంలో నిలబడే నన్నో మాట అడిగాడు.

"బావా, ఆ బైబిలు మా అమ్మ కోసం చదువుతున్నావా, ఈ ఇంటి కోసం చదువుతున్నావా?"

అతను నా భార్యకు తమ్ముడు. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఎవరిని చూసినా టికెట్ లేకుండా ఎక్కాడేమో అన్నట్టు చూడటం అతనికి అలవాటైపోయింది. ఇల్లు మా అత్తయ్యది. వీధి వైపు గదిలో నా కుట్టు షాపు, వెనక రెండు గదుల్లో మా కాపురం. కాపురం అంటే ఇప్పుడు నేనూ అత్తయ్యా. మా ఆవిడ పోయాక నన్ను వెళ్ళమని అత్తయ్య అనలేదు, వెళ్తానని నేనూ అనలేదు. ఆమె కళ్ళు మసకబారిన తర్వాత, రోజూ తను చదువుకునే బైబిలును చదివి వినిపించే పని నాకు వచ్చిపడింది. డిగ్రీ చదివానన్న మాటే గానీ ఆ పుస్తకం అట్ట తెరిచి ఎరగను.

బావమరిదికి నేను జవాబు చెప్పేలోపే, ఆదివారం వచ్చి అమ్మను తన క్వార్టర్సుకు తీసుకెళ్ళిపోతానని తేల్చేశాడు. అత్తయ్య కాదనలేదు. నాకు ఎక్కువ నొప్పి కలిగింది అక్కడే. మెట్లు దిగుతూ అతను వెనక్కి తిరిగి ఇంకో మాట విసిరాడు.

"పుట్టినప్పటి నుంచీ ఆ పుస్తకం వింటూ పెరిగాను బావా. ఎవరు ఎవరిని కన్నారో చెప్పే పేర్ల వరసలు కూడా మా అమ్మ ఒక్కటి వదిలేది కాదు. అలాంటి మనిషి నీతో చదివించేటప్పుడు ఒక కథ దాటించేస్తోందని విన్నాను. ఎందుకో కనుక్కున్నావా?"

చొక్కాలో మరిచిపోయిన గుండుసూది లాంటి మాట అది. ఎక్కడుందో కనపడదు, కదిలినప్పుడల్లా గుచ్చుతుంది.

నిజమే, దాటించేస్తోంది.

అసలు నా చదువు మొదలైన తీరే తప్పు. ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచే కదా చదువుతాం, అలాగే మొదలుపెట్టాను. ఆదికాండం కథలు బాగానే నడిచాయి. నిర్గమకాండంలో మోషే జనాన్ని సముద్రం దాటించేదాకా గుక్క తిప్పుకోలేదు. ఆ తర్వాత వాళ్ళు దేవుడికి కట్టిన గుడారం కొలతలు వచ్చాయి. కొత్తగా చదివేవాళ్ళు చాలామంది అక్కడే ఆవులించి, పుస్తకం మూసి, మళ్ళీ తెరవరట. నేను మాత్రం అక్కడే నిటారుగా లేచి కూర్చున్నాను. తెర పొడవెంత, వెడల్పెంత, అంచుకు నీలి నూలుతో కాజాల్లాంటి కొలుకులెన్ని, వాటిని కలిపే గుండీలెన్ని! ఇంత వివరంగా కొలతలిచ్చే ఖాతాదారు నాకు ఈ జన్మలో తగల్లేదు. రెండు తెరల కొలుకులు ఎదురెదురుగా ఎలా కలుస్తాయో తేల్చుకుందామని మిగిలిపోయిన నీలం గుడ్డల మీద కుట్టి చూశాను. కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. కథ ఒక్క అడుగు ముందుకు పడలేదు.

అత్తయ్య ఓపిగ్గా అడుగుతుండేది. "అయిందా నాయనా గుడారం? లోపలికి పోదామా?"

ఆ గుడ్డముక్కలు చూసి నవ్వింది నర్సమ్మ. అత్తయ్య కళ్ళలో చుక్కలు వేయడానికి రోజూ వస్తుంది. ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి.

"మాస్టారూ, మీరు ఇల్లు చూడటానికొచ్చి గేటు కొలుస్తూ కూర్చున్నారు," అంది. "ముందు మార్కు సువార్త తీయండి. చిన్నది. పరుగెత్తే కథ. యేసు ఎవరో, ఏం చేశాడో చూశాక ఈ గుడారం ఎందుకో దానంతటదే తెలుస్తుంది. మొదటిసారి ఆగకుండా చదివేయండి. మీరు చొక్కాకి ముందు కచ్చా కుట్టు వేస్తారే, అలా. అర్థం కానిచోట సుద్దగీత గీసి ముందుకెళ్ళండి. మిషన్ కుట్టు రెండోసారి."

అలా మార్కు చదివాం. అందులో ఒక గుడ్డివాడికి చూపు ఒకేసారి రాదు. మొదట మనుషులు నడిచే చెట్లలా కనిపిస్తారు, యేసు మళ్ళీ చెయ్యి వేశాకే తేటగా కనిపిస్తారు. అత్తయ్య ఆ ముక్క మళ్ళీ చదివించుకుంది. "సగం చూపు వాళ్ళు నాకు ముందు కూడా ఉన్నారన్నమాట," అని మురిసిపోయింది. ఆ రోజంతా నన్ను "ఏమయ్యా చెట్టూ" అని పిలిచింది.

తర్వాత పాత నిబంధనలో ఏది చదవాలో అత్తయ్యే చెబుతూ వచ్చింది. న్యాయాధిపతులు అయిపోయిన రోజు, "ఇంక సమూయేలు తియ్యి" అంది. పేజీ తిప్పితే మధ్యలో ఇంకో పుస్తకం కనిపించింది. నాలుగంటే నాలుగే అధ్యాయాలు.

"ఇక్కడేదో చిన్నది ఉంది అత్తయ్యా. రూతు అట."

"అది తర్వాత."

"ఒక్క కూర్చోడంలో అయిపోతుంది కదా."

"తర్వాత అన్నానా?"

ఆ గొంతు నాకు కొత్త. సరే పెద్దావిడ, ఏదో కారణం ఉంటుందిలే అని అప్పుడు వదిలేశాను. బావమరిది మాట పడ్డాక మాత్రం వదల్లేకపోయాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? దాన్ని ఒక్కసారి ఇంట్లోకి రానిస్తే ప్రతి గిన్నె కిందా ఏదో దాచినట్టే ఉంటుంది. చుక్కలు వేయగానే అత్తయ్యకు ఎప్పుడూ లేని అలసట ఎందుకు ముంచుకొస్తుంది? "మీరు టీ తాగండి, నేను కాస్త నడుం వాలుస్తా" అని లోపలికి ఎందుకు వెళ్ళిపోతుంది? ఊరందరూ ఆ అమ్మాయిని సిస్టర్ అని పిలుస్తుంటే, నన్ను మాత్రం "నర్సమ్మ అను, సిస్టర్ అనకు" అని ఎందుకు సరిదిద్దింది? ఊరందరికీ కుట్టేవాడివి నీకో మంచి చొక్కా లేదని, నా చేత నాకే చొక్కా కుట్టించేదాకా ఎందుకు నిద్రపోలేదు? ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ లేదు. అన్నీ కలిపి ఏ దారానికి గుచ్చాలో నాకు తెలియలేదు.

శుక్రవారం పొద్దున నర్సమ్మ వచ్చేసరికి అత్తయ్య స్నానాల గదిలో ఉంది. ఆమె సంచీలోంచి చుక్కల సీసా తీసి గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. సీసా చల్లగా ఉంటే పెద్దావిడ ఉలిక్కిపడుతుందని రోజూ అలా కాసేపు వెచ్చబెడుతుంది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు.

"నర్సమ్మా, ఒకటి అడగనా?"

"అడగండి మాస్టారూ. మళ్ళీ గుడారమేనా?"

"కాదు. రూతు."

ఆమె తలెత్తింది. "రూతా? ఇంకా చదవలేదా మీరు? కొత్తవాళ్ళకి మార్కు తర్వాత నేను అదే చెప్తాను. చిన్న కథ, దేవుడు పెద్దగా మాట్లాడడు, మెరుపులూ ఉరుములూ ఉండవు. మామూలు మనుషుల మంచితనంలోనే ఆయన పని చేసుకుపోతుంటాడు. పెద్దమ్మకి చెప్పాను కూడా."

"ఆవిడ ఏమన్నారు?"

"మీకు ఇప్పుడే వద్దన్నారు."

"ఎందుకని?"

"అడిగితే కళ్ళు మండుతున్నాయన్నారు." ఆమెకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "మీకు అంత అనుమానంగా ఉంటే చదివేయండి. పుస్తకానికి తాళం లేదుగా. కానీ పోలీసులాగా చదవకండి మాస్టారూ. అనుమానంతో తెరిస్తే ఏ పేజీలోనైనా దొంగ దొరుకుతాడు. ముందు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడండి. ఎప్పుడు, ఏ కష్టంలో ఉండి మాట్లాడుతున్నారో చూడండి. ఇందులో నా సంగతేంటి అన్నది అన్నిటికంటే చివర అడగండి. మొదటే అడిగితే మన మొహమే కనిపిస్తుంది, అద్దంలో చూసుకున్నట్టు."

లోపల తలుపు చప్పుడైంది. ఆమె వెంటనే నోరు మూసుకుని సీసా మూత తిప్పింది. ఆ మూసుకోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

మధ్యాహ్నం షాపుకు ఎవరూ రారు. అత్తయ్య వెనక గదిలో ఉంది. కత్తిరింపుల బల్ల మీద ఎండ పడేచోట పుస్తకం పెట్టుకుని రూతు తెరిచాను.

కరువొచ్చి పరాయి దేశం పోయిన కుటుంబం. నయోమి అనే ఆవిడ అక్కడ భర్తను పోగొట్టుకుంది, తర్వాత ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుంది. ఇద్దరు కోడళ్ళు మిగిలారు. సొంత ఊరికి తిరిగి పోతూ, మీ పుట్టిళ్ళకు పొండి, మళ్ళీ పెళ్ళిళ్ళు చేసుకోండి అని వాళ్ళిద్దరికీ చెప్పింది. ఒకామె ఏడ్చి ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయింది. రెండో ఆమె రూతు. అత్తను పట్టుకుని వదల్లేదు. నువ్వు పోయేచోటికి నేనూ వస్తాను, నువ్వు ఉండేచోటే ఉంటాను, చావు ఒక్కటే మనల్ని విడదీయాలి అంది.

పుస్తకం మూసేశాను. అద్దాలు తుడుచుకున్నాను. తుడుచుకున్నా పేజీ తేటపడలేదు, తప్పు అద్దాలది కాదు.

ఇదా ఆవిడ దాచింది! కూతురు పోయిన అత్త, భార్య పోయిన అల్లుడు. ఈ కథ చదివితే నేను ఆవిణ్ణి వదలనని, కొడుకు దగ్గరకు పోనివ్వనని భయపడింది. నా మెడకు గుదిబండ కాకూడదనుకుంది. ఎంత పిచ్చిది! ఇంకేం ఆలోచించకుండా లోపలికి వెళ్ళాను.

అత్తయ్య మంచం మీద బట్టలు మడతపెడుతోంది. చూపు సరిగా లేకపోయినా అంచులు వేళ్ళతో వెతికి కలుపుతుంది. ఆ మడతలు నాకూ అంత తిన్నగా రావు. పక్కన పెట్టె తెరిచి ఉంది.

"అత్తయ్యా, రూతు చదివాను."

చేతులు ఆగాయి. "ఎవరు చదవమన్నారు?"

"మీరు వద్దన్నారుగా. అంతకంటే ఏం కావాలి?"

"ఊఁ. ఆ పుస్తకంలో మొట్టమొదటి ఆడమనిషి బుద్ధి కూడా అదే. తోటంతా ఉండగా వద్దన్న చెట్టే కావాలి." మాటల్లో నవ్వు ఉంది గానీ మొహంలో లేదు.

"ఎందుకు వద్దన్నారో తెలిసింది. మీరెన్ని వేషాలేసినా లాభం లేదు. ఆ కోడలు చెప్పిందే నేనూ చెప్తున్నా. మీరు ఎక్కడికీ వెళ్ళట్లేదు. మీ అబ్బాయి ఏమనుకున్నా సరే. నాకు ఈ ఇల్లు అక్కర్లేదు, కావాలంటే అద్దె గదికి పోదాం. మీరు మాత్రం నాతోనే ఉండాలి. మా ఆవిడ చిన్నప్పుడు ఎలా అలిగేదో, ఏ పాట తప్పుగా పాడేదో చెప్పడానికి ఈ లోకంలో నాకు మీరు కాక ఇంకెవరున్నారు?"

ఆమె మడతపెట్టిన బట్టనే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"ఎంతవరకు చదివావు?"

"మొదటి అధ్యాయం."

"తర్వాత?"

"తర్వాత ఎందుకు? నాకు కావలసింది దొరికింది."

"అదీ సంగతి." గట్టిగా ఊపిరి వదిలింది. "కావలసింది దొరకగానే ఆగిపోతే అది చదవడం కాదు నాయనా, ఏరుకోవడం. అందరూ రూతును అక్కడే నిలబెట్టేస్తారు, అత్తను కావలించుకున్నచోట. బాగుంటుంది కదా మరి, వదలబుద్ధి కాదు. పట్టుకురా పుస్తకం. ఎలాగూ తెరిచావు, ఇంక దాచేదేముంది?"

తెచ్చాను. ఆమె మంచం అంచున కూర్చుంది. నేను స్టూలు లాక్కుని రెండో అధ్యాయం చదివాను. రూతు పొలాల్లో కోతవాళ్ళు వదిలేసిన వెన్నులు ఏరుకోవడానికి వెళ్తుంది. ఆ పొలం ఆసామి బోయజు. ఆ పిల్ల అత్తకు చేసిన మేలు విన్నాడట. ఆమెకు కనపడకుండా పనివాళ్ళను పిలిచి, కట్టల్లోంచి కొన్ని వెన్నులు కావాలనే జారవిడవమన్నాడట. అక్కడ వేలు పెట్టుకుని ఆగాను. ఇచ్చినట్టు తెలియకుండా ఇచ్చేవాళ్ళు ఆ కాలంలోనూ ఉన్నారు.

"ఆగావేం? చదువు," అంది అత్తయ్య. ఆమె పెదవులు నాకంటే ముందే కదులుతున్నాయి.

మూడో అధ్యాయం. నయోమి కోడల్ని కూర్చోబెట్టుకుని చెబుతోంది. నీకో నీడ, నీకో ఇల్లు చూడాల్సిన బాధ్యత నాది కాదా? స్నానం చెయ్యి. మంచి బట్టలు కట్టుకో. ఆ బోయజు ఉండేచోటికి వెళ్ళు.

అక్కడ నా నోరు ఆగిపోయింది.

మంచి బట్టలు. నా ఒంటి మీద అత్తయ్య పట్టుబట్టి కుట్టించిన చొక్కా ఉంది. టీ కప్పులు. నడుం వాల్చడాలు. సిస్టర్ అనకు. ఇన్ని రోజులూ ఏ దారమా అని వెతుకుతున్నాను. దారం అత్తయ్య చేతిలోనే ఉంది.

"అత్తయ్యా. నర్సమ్మ..."

"ఆ పిల్లకేం తెలీదు." నా ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది జవాబు. "ఒట్టు. తెలిస్తే గుమ్మం తొక్కుతుందా? మంచి పిల్ల. మాట మెత్తన. నీకు బైబిలు చదవడం నేర్పించమని నేనే అడిగాను, అంతే. నువ్వు ఆ నీలం గుడ్డలు ముందేసుక్కూర్చుంటే చూసి నవ్విందే, ఆ నవ్వు విన్నాక నాకు ఆశ పుట్టింది. నువ్వూ నవ్వావు ఆ రోజు. ఎన్నాళ్ళయిందో ఈ ఇంట్లో ఆ చప్పుడు విని."

"అందుకా సిస్టర్ అనొద్దన్నారు?"

"మరి? ఒకసారి నోటికి అలవాటైతే పోతుందా?"

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "మరి మీ ప్రయాణం సంగతేంటి? మీ అబ్బాయి అన్న మాటలు?"

ఈసారి ఆమె తల వంచుకుంది.

"వాడితో నేనే అనిపించాను. నువ్వు నన్ను వదలవు. నేనుండగా ఇంకొకరిని ఈ ఇంట్లోకి తేవు. మా అమ్మాయి పీట ఖాళీగా ఉంచి, దాని పక్కన నన్ను కూర్చోబెట్టి కాపలా కాస్తుంటావు. మంచిగా చెప్తే వింటావా? అందుకని, బావని నాలుగు మాటలు అను, రోషమొచ్చి సరే తీసుకుపో అంటాడు అని వాడికి చెప్పాను."

"ఇంటి కోసం చదువుతున్నానన్న మాట కూడా మీరు చెప్పిందేనా?"

"లేదు." ఆమె గొంతు చిన్నదైంది. "ఘాటుగా అనమన్నాను, ఏమనాలో చెప్పలేదు. ఆ మాట వాడిదే. వాడు అంత బాగా నటిస్తాడని నాకూ తెలీదు. వింటుంటే భయమేసింది."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఈ ఇంట్లో అయితే ఆవిడకు గోడ ఎక్కడ మలుపు తిరుగుతుందో, గడప ఎంత ఎత్తో కాళ్ళకే తెలుసు. అక్కడ, రైళ్ళ వెంట తిరిగే బ్రహ్మచారి క్వార్టర్సులో, పొద్దస్తమానం ఒక్కత్తే తడుముకుంటూ కూర్చోవడానికి సిద్ధపడింది. భోరుమని ఏడ్చినవాళ్ళను చూశాను గానీ, ఇలా నిశ్శబ్దంగా బట్టలు మడతపెట్టి మనకు మంచి చేసేవాళ్ళను ఎక్కువమందిని చూడలేదు.

మాట్లాడకుండా పేజీ తిప్పాను. మూడోది, నాలుగోది కళ్ళతోనే చదువుకుంటూ పోయాను. చివరికొచ్చేసరికి నాకే నవ్వొచ్చింది.

"ఏంటి?" అంది.

"మీరూ ఏరుకున్నారు అత్తయ్యా."

"నేనా?"

"మూడో అధ్యాయం పట్టుకుని నాకు సంబంధం చూశారు. నాలుగోది వదిలేశారు. ఆ అత్త ఎక్కడికీ వెళ్ళలేదు. రూతు పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, ఆ బిడ్డ నయోమి ఒళ్ళోనే ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి, ఏడుగురు కొడుకులకంటే నీ కోడలే నయం అని ఆవిడతో అంటున్నారు. కోడలికి ఇల్లు చూసిపెట్టి తను పెట్టె సర్దుకుని పోయిందని ఎక్కడుందో చూపించండి మరి."

అత్తయ్య పుట్టినప్పటి నుంచీ ఆ పుస్తకం చదివిన మనిషి. చెయ్యి చాచి పెట్టె మూత వెతికింది. మూసెయ్యడానికో, ఇంకా సర్దడానికో తెలియలేదు. ఆ చెయ్యి మూత మీద అలాగే ఉండిపోయింది.

"ఆ కథలో ఇంకో ఆయన కూడా ఉన్నాడు పెద్దమ్మా," అని వినిపించింది గుమ్మంలోంచి.

సాయంత్రపు చుక్కల వేళ అయిందని ఇద్దరికీ గుర్తు లేదు. షాపు తలుపు తెరిచే ఉంది. నర్సమ్మ సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో మొహం చూస్తే తెలుస్తోంది.

"అందరూ రూతు గురించి చెప్తారు, నయోమి గురించి చెప్తారు. పాపం ఆ బోయజు సంగతి ఎవరికీ పట్టదు. పగలంతా కష్టపడి పడుకున్నవాడు. రాత్రివేళ ఉలిక్కిపడి లేచి చూస్తే కాళ్ళ దగ్గర రూతు, నన్ను చేసుకోమంటూ. ఆయన్ని ముందు ఎవరైనా ఒక మాట అడిగారా?"

"అమ్మాయ్..." అంది అత్తయ్య. "తప్పు నాది. ఈ అబ్బాయికి ఏ పాపమూ తెలీదు."

"కోపం లేదు పెద్దమ్మా." ఆమె లోపలికి వచ్చి అత్తయ్య పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు. సంచీలోంచి సీసా తీసి, ఇంత జరిగినా, అలవాటుగా గుప్పిట్లో పెట్టుకుంది. "కానీ ఆయనేం జవాబిచ్చాడో మీకు గుర్తుండాలి. మీరు మర్చిపోయే మనిషి కాదు."

అత్తయ్య మసక కళ్ళు కాసేపు గోడ మీద నిలిచాయి. ఎక్కడో పేజీలు తిప్పుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత చాలా మెల్లగా అంది. "నాకంటే ముందు ఇంకొకడున్నాడు, నిన్ను చేసుకునే హక్కున్న దగ్గరి చుట్టం. అతన్ని అడగాలి అన్నాడు."

"నేనూ అదే చెప్పాలి."

ఆ అమ్మాయి మనసులో ఎవరున్నారన్న ఆలోచనే అంతదాకా నాకు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. మరి ఆ మాట వినగానే గుండె దగ్గర ఏదో సన్నగా ఎందుకు కలుక్కుమందో నాకు అర్థం కాలేదు. పొద్దున లేచేసరికి ఏ బాధా లేనిచోట అది.

"ఎవరమ్మా?" అంది అత్తయ్య.

"మీ అబ్బాయి."

అత్తయ్య చెయ్యి పెట్టె మూత మీంచి జారింది.

"మీ కళ్ళ పరీక్షలకు ఆసుపత్రికి తీసుకొచ్చినప్పటి నుంచీ పరిచయం. డ్యూటీ లేనప్పుడు వచ్చి మీ గురించే అడుగుతారు. ఏం తింటోంది, ఏం చదివించుకుంటోంది అని. మొన్నామధ్య నన్ను అడిగారు, పెళ్ళి చేసుకుంటావా అని. నేనింకా ఏమీ చెప్పలేదు." ఆమె సీసా మూత తిప్పింది. "చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. అది ఆయనకు చెప్పకముందు మీకెవరికీ చెప్పకూడదు. తల పైకెత్తండి పెద్దమ్మా."

అత్తయ్య చిన్నపిల్లలా తల ఎత్తింది. రెండు కళ్ళలోనూ చుక్కలు పడ్డాయి. ఇంక కాసేపు కళ్ళు తెరవకూడదు. మూసిన రెప్పల కింద నుంచి ఏవి చుక్కల నీళ్ళో ఏవి కావో తెలియకుండా చెంపల మీదికి జారుతున్నాయి.

"అంటే వాడు ఆ రోజు..." అని ఆగిపోయింది అత్తయ్య. నాకూ అదే తట్టింది. అమ్మ చెప్పిందని అన్న మాటలు ఎన్ని? తన కడుపులోంచి వచ్చినవి ఎన్ని? అతను నన్ను అనుమానించింది ఇల్లు చూసేనా?

"నాయనా, ఫోన్ చెయ్యి వాడికి," అంది అత్తయ్య, కళ్ళు మూసుకునే. "ఆదివారం దాకా ఆగొద్దు. ఇప్పుడే చెయ్యి."

నర్సమ్మ వద్దనలేదు. చెయ్యమనీ అనలేదు. సీసా మూత బిగించిన తర్వాత కూడా బిగిస్తూనే ఉంది.

ఫోన్ చేశాను. మోగీ మోగకముందే ఎత్తాడు, చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టు. వెనక రైలు కూత. నేను ఇంకా ఒక్క మాట అనలేదు.

"ఆవిడ తన మనసులో మాట నీతో చెప్పేశారా బావా?" అన్నాడు.

నేను నర్సమ్మ వైపు చూశాను. ఆమె మొదటిసారి తలెత్తి నా కళ్ళలోకి చూసింది.

అవతల కూత ఆగిపోయింది. టికెట్ అడిగే గొంతు కాదది. ఇన్నేళ్ళలో అతని నోట అలాంటి గొంతు నేను వినలేదు.

"నువ్వేమన్నావు?"